మూడున్నరేళ్ళ బాబుకి మాంటిస్సోరి బడా, మామూలు ఎల్‌కేజీనా? (రాయగడ, ఒడిశా)

నాగావళి_ఒడ్డు
మా బాబుకి శ్రావణంలో మూడున్నర నిండింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. వచ్చే ఏప్రిల్‌లో ఏ బడిలో వెయ్యాలో తేలక పది రోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ.

రెండు బడులు చూశాం. ఒకటి మామూలు ఇంగ్లీషు మీడియం, ఏడాదికి 14,000. రెండోదానికి బయట మాంటిస్సోరి అని బోర్డు ఉంది, 38,000. మొదటిదాంట్లో మా పక్కింటి పాప చదువుతోంది. ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. రోజూ నాలుగు పేజీల హోంవర్కు, 1 నుంచి 50 దాకా రాయాలి. రాత్రి ఎనిమిదింటికి గోడ అవతల ఆ పాప "చెయ్యి నొప్పెడుతోందమ్మా" అంటుంది, వాళ్ళమ్మ "ఇంకొక్క లైనే" అంటుంది. ఆ ఏడుపు వింటుంటే నాకు అన్నం సయించడం లేదు.

రెండో బడికి వెళ్తే పిల్లలు చాపల మీద కూర్చుని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి కందిపప్పు పోస్తున్నారు. మా ఆయన బయటికి రాగానే "పప్పు పోయడానికి 38 వేలా?" అన్నారు. మా అత్తగారైతే పలకా బలపం లేనిది బడే కాదంటున్నారు. నాకు మాత్రం ఆ పిల్లల మొహాలు నిదానంగా కనిపించాయి. తెలిసినవాళ్ళు చెప్పండి, అసలు తేడా ఏమిటి? అంత డబ్బు పెట్టదగ్గ పని అక్కడ జరుగుతుందా?

కొరాపుట్_కాఫీ
పప్పు పోసే పిల్లల్ని మా ఇంటికి పంపండి అక్కా, పండగకి డబ్బాలన్నీ సర్దాలి. సరదాకి అన్నాను. మాకూ ఇదే టెన్షన్, మా పాపకి మూడు నిండాయి. ఎవరేం చెప్తారో చూస్తుంటాను.

పర్లాకిమిడి_మాస్టారు
నాగావళి అమ్మా, ముందు ఆ పప్పు సంగతి. నేను ముప్పై రెండేళ్ళు ప్రాథమిక పాఠశాలలో చేశాను. మాంటిస్సోరి శిక్షణ లేదు, చదివి తెలుసుకున్నదే. గిన్నె వంచేటప్పుడు పిల్లవాడి మణికట్టు తిరగాలి, చూపు అంచు మీద నిలవాలి, ఎక్కడ ఆపాలో వాడికే తెలియాలి. గింజ కింద పడితే టీచరు చెప్పక్కర్లేదు, చప్పుడుకే వాడికి తెలుస్తుంది. ఆ మణికట్టూ ఆ వేళ్ళూ కుదురుకోకముందే పెన్సిలిచ్చి 50 దాకా రాయమంటే మీ పక్కింటి పాపలాగే చెయ్యి నొప్పెడుతుంది. ఆ పాప సాకు చెప్పడం లేదు, నిజంగానే నొప్పి.

ఇంకో మాట. ఈ పద్ధతి మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి వైద్యురాలు. 1907 జనవరి 6న రోములో శాన్ లొరెంజో అనే కూలీల పేటలో మొదటి బడి తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే దిక్కులేక మెట్ల మీదా వీధుల్లోనూ తిరిగే పిల్లల కోసం. పేదల పేటలో పుట్టిన బడి మన ఊళ్ళలో డబ్బున్నవాళ్ళ బడి అయిపోయింది. అది నాకు చాలా బాధ.

ఛత్రపురం_కోడలు
బోర్డు చూసి మోసపోకు చెల్లీ. మా పెద్దమ్మాయిని అలాంటి ఒకదాంట్లోనే వేశాం, పేరు చెప్పను. చేర్చుకునే రోజు గులాబీరంగు దిమ్మెల గోపురం చూపించారు. పది దిమ్మెలు, అన్నిటికంటే చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది. నాకు ఎంత నచ్చిందో. నాలుగు నెలల తర్వాత ఫీజు కట్టడానికి వెళ్తే అదే గోపురం అద్దాల బీరువాలో ఉంది, తాళం వేసి. పైదిమ్మె మీద పేరు రాయొచ్చు, అంత దుమ్ము. అడిగితే "పిల్లలు పాడుచేస్తారండీ" అన్నారు. మా పిల్ల ఏడాదంతా ఏబీసీడీ వర్క్‌షీట్లకి రంగులు వేసింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ దిమ్మెని పిల్ల ఒక్కసారి ముట్టుకోలేదని నాకిప్పటికీ కడుపు మండుతుంది.

నాగావళి_ఒడ్డు
అయ్యో అక్కా. మేం వెళ్ళిన రోజు కూడా మా కోసమే పప్పు పోయించారేమో అని ఇప్పుడు అనుమానం పట్టుకుంది. మరి ఎలా తెలుసుకోవడం?

బరంపురం_టీచరమ్మ
ఈ పద్ధతిలో శిక్షణ తీసుకుని తొమ్మిదేళ్ళుగా పిల్లలతో ఉంటున్నాను. ఛత్రపురం కోడలు గారు చెప్పింది నిజమే. మాంటిస్సోరి అన్న పేరు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా బోర్డు రాయించుకోవచ్చు. అందుకే బోర్డు వదిలేసి గదిలోకి చూడండి.

మూడు నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు ఒకే గదిలో కలిసి ఉండాలి. ఎల్‌కేజీ ఒక గది, యూకేజీ ఒక గది అని విడగొడితే అక్కడే సగం పోయింది. ఐదేళ్ళ పాప మూడేళ్ళవాడికి బొత్తాం పెట్టడం చూపిస్తుంటుంది. మన ఇళ్ళలో పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని ఆడించినట్టే. తర్వాత, గంట ఎన్నిసార్లు కొడుతున్నారో వినండి. అరగంటకోసారి రైమ్స్ అని, డాన్స్ అని లేపేస్తే పిల్లవాడు ఏ పనిలోనూ మునగలేడు. పొద్దున దాదాపు మూడు గంటలు వాళ్ళని కదపకూడదు. వస్తువులు పిల్లల చేతికందే అరల్లో ఉండాలి, ఒక్కో రకం ఒక్కటే ఉండాలి. ఇంకొకరు వాడుతుంటే వీడు తన వంతు దాకా ఆగాలి.

మొన్న జరిగింది చెప్తాను. ఒక చెక్కదిమ్మెలో పది గుంతలు, వాటిలో దిగే పది గుండ్రటి చెక్కముక్కలు, ఒక్కోదానికి చిన్న పిడి. నాలుగేళ్ళవాడు తొమ్మిది పెట్టేశాడు, పదోది దిగలేదు. దిమ్మెని అటూ ఇటూ తిప్పాడు. నావైపు చూశాడు. నేను చూడనట్టు పక్క పాప దగ్గర కూర్చున్నాను. కాసేపటికి ఒక గుంతలో ముక్క వదులుగా ఊగుతోందని వేలితో కనిపెట్టాడు. అన్నీ బయటికి తీసి మళ్ళీ మొదలుపెట్టాడు. నాలుగోసారికి కుదిరింది. ఎవరినీ పిలవలేదు, చప్పట్లు అడగలేదు. అన్నీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మామూలు తరగతిలో నేనే ఉన్నా, పదోది దిగనప్పుడే వెళ్ళి సరిచేసేసేదాన్ని, ఎందుకంటే వెనకాల ఇంకా నలభై మంది ఉంటారు. ఆ పిడి పట్టుకున్న మూడు వేళ్ళే రేపు పెన్సిల్ పట్టుకుంటాయి.

గుణుపురం_వంశధార
అందరూ ఒకవైపే చెప్తున్నారు, నా అనుభవం వేరు. విశాఖలో ఉన్నప్పుడు మావాడు ఆరేళ్ళ దాకా మంచి మాంటిస్సోరిలోనే చదివాడు. టీచరమ్మ గారు చెప్పినవన్నీ ఉన్న బడి. పసుపు పూసలతో లెక్కలు. ఒక పూస, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం. వెయ్యి అంటే ఎంత బరువో వాడి చేతికి తెలుసు. తర్వాత గుణుపురం వచ్చి ఒకటో తరగతిలో వేశాం. ఐదు గంటలు బెంచీ మీద కూర్చోవాలి, బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవాలి. వీడేమో మధ్యలో లేచి అర దగ్గరికి వెళ్ళేవాడు. "క్రమశిక్షణ లేదు" అని డైరీలో మూడుసార్లు రాశారు. దసరా దాకా రోజూ పొద్దున కడుపునొప్పి. వాడి తప్పేమీ లేదు, పైతరగతులు ఎలా ఉంటాయో ముందే చూసుకోని తప్పు మాది. రాయగడలో ఆరేళ్ళ తర్వాత ఎక్కడ వేస్తారో అది తేల్చుకుని దిగండి. మామూలు బడిలో చదివినవాళ్ళు చెడిపోలేదు, మనందరం అక్కడినుంచే వచ్చాం.

జయపురం_చెల్లి
మా పాపకి ఆ ఇబ్బంది రాలేదు అన్నయ్యా. రెండు వారాల్లో సర్దుకుంది. కాకపోతే మేం వేసిన ఒకటో తరగతిలో పద్దెనిమిది మందే.

గుణుపురం_వంశధార
మావాడి తరగతిలో యాభై ఆరు. నేననేదీ అదే. పద్ధతి ఏదైనా ముందు తలలు లెక్కపెట్టాలి.

లెక్కల_మనిషి
మాంటిస్సోరి పిల్లలు బాగుంటారంటే, అంత శ్రద్ధ ఉన్న తల్లిదండ్రులు కాబట్టి బాగుంటారేమో అని నాకూ అనుమానం ఉండేది. ఆ అనుమానం తీర్చే పరిశోధన ఒకటుంది. అమెరికాలో మిల్వాకీలో ప్రభుత్వ మాంటిస్సోరి బడికి సీట్లు లాటరీ తీసి ఇస్తారు. లాటరీలో సీటు వచ్చిన పిల్లల్నీ, అడిగినా రానివాళ్ళనీ పోల్చారు. తల్లిదండ్రుల శ్రద్ధ రెండువైపులా ఒకటే కదా. 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఐదేళ్ళ వయసులో మాటలు చదవడంలోనూ, లెక్కల్లోనూ, తోటిపిల్లలతో తగాదా వస్తే మాటలతో తేల్చుకోవడంలోనూ మాంటిస్సోరి పిల్లలు ముందున్నారు. అయితే ఆ బడి పద్ధతిని కచ్చితంగా పాటించే బడి. బోర్డు మాత్రమే ఉన్నవాటికి ఈ ఫలితం వర్తించదు.

ఛత్రపురం_కోడలు
మిల్వాకీ ఎక్కడ, మా ఛత్రపురం ఎక్కడ నాయనా. అక్కడి ప్రభుత్వం డబ్బు పెడుతుంది, ఇక్కడ నా మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టాను.

సిరోంచ_గోదారి
మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కోడలు అక్కయ్య మాటకి మా మహారాష్ట్రలోనే ఒక జవాబుంది. తారాబాయి మోడక్ గారు మాంటిస్సోరి పద్ధతిని పల్లెకి తీసుకెళ్ళారు. అంతకుముందు 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా గారు బాలమందిరం పెట్టారు, ఈవిడ అక్కడ ఆయనతో పనిచేశారు. తర్వాత బోర్డి, కోస్‌బాడ్ వైపు వార్లీ ఆదివాసీ పిల్లల దగ్గరికి వెళ్ళారు. ఖరీదైన సామాన్లు కొనకుండా గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్ళు, ఏది దొరికితే దాంతో చేయించారు. పిల్లలు బడికి రాకపోతే వాళ్ళ వాకిట్లోకే బడి తీసుకెళ్ళారు. ఆవిడతో పనిచేసిన అనుతాయి వాఘ్ గారు పశువులు కాసే పిల్లల కోసం మేత బీళ్ళలోనే బడి నడిపారు. తారాబాయి గారికి 1962లో పద్మభూషణ్ ఇచ్చారు. 38 వేలు లేకుండా ఈ పద్ధతి నడవదని నేనైతే ఒప్పుకోను.

పర్లాకిమిడి_మాస్టారు
బాగా గుర్తుచేశావు బాబూ. నేనూ నలభై ఐదు మందికి చింతపిక్కలతోనే పదులూ ఒకట్లూ చెప్పాను. పది పిక్కలు ఒక గుడ్డ మూట, పది మూటలు ఒక సంచి. వంద అనగానే పిల్లలు సంచి ఎత్తి చూపించేవారు.

మల్కనగిరి_నాన్న
ఎవరూ భాష సంగతి ఎత్తలేదు. మావాడు ఇంట్లో తెలుగు, ఆటల్లో ఒడియా, బడిలో ఇంగ్లీషు. మూడేళ్ళవాడికి దాహం వేస్తే ఏ భాషలో అడగాలో తెలియక బడిలో నీళ్ళడగడం మానేశాడు. సాయంత్రం బాటిల్ నిండుగా తిరిగొచ్చేది. మాంటిస్సోరి అయినా మామూలు బడి అయినా ఈ కష్టం ఒకటే కదా?

బరంపురం_టీచరమ్మ
మీరు బాటిల్ చూసి కనిపెట్టారు, చాలామంది కనిపెట్టరు. మాటల బదులు చేతులతో చేసే పని ఎక్కువ కాబట్టి మా గదిలో భాష రాని పిల్లవాడు కొంచెం తేలిగ్గా నిలదొక్కుకుంటాడు. మేం చూపించేటప్పుడు మాట్లాడేదీ తక్కువే. కానీ నీళ్ళు, నొప్పి, దొడ్డికి, అమ్మ కావాలి, ఈ నాలుగూ ఇంటిభాషలో అర్థం చేసుకునే మనిషి ఒకరు గదిలో తప్పకుండా ఉండాలి. చేర్చే ముందు అది అడగండి.

గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద పిల్లలు వేలితో దిద్దుతూ ధ్వని పలుకుతారు. ఇంగ్లీషులో 'బీ' అనకుండా 'బ్' అనిపిస్తాం. మన తెలుగుకీ ఒడియాకీ ఆ బాధ లేదు, 'క' పేరూ 'క'నే, ధ్వనీ 'క'నే. గుణింతాలూ వత్తులూ వచ్చేసరికి మాత్రం రోము నుంచి వచ్చిన సామాను చాలదు, మేమే కత్తిరించి అతికించుకుంటాం.

పర్లాకిమిడి_మాస్టారు
ఇంటిభాష సంగతికి మా ఊరే సాక్ష్యం. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడే బడిపంతులు. 1863లో పుట్టారు, మాంటిస్సోరి కంటే ఏడేళ్ళు పెద్ద. సవర పిల్లలకి అర్థంకాని భాషలో చదువు చెప్తే ఎక్కదని, తానే సవర నేర్చుకుని, సవరలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. ఆయన్ని వాడుకభాష ఉద్యమానికే గుర్తుపెట్టుకున్నాం, ఈ పని మర్చిపోయాం.

నాగావళి అమ్మా, మీ అత్తగారి పలక గురించి కూడా. పూర్వం వీధిబడిలో బలపానికి ముందు ఇసక. పంతులు పిల్లవాడి వేలు పట్టుకుని ఇసకలో ఓనమాలు దిద్దించేవాడు. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి దిద్దించేదీ అదే కదా. గరుకు అక్షరం మీద వేలు పెట్టడం మీ అత్తగారికి కొత్త కాదు. పలక బదులు పళ్ళెంలో ఇసక పోసి ఆవిడ ముందు పెట్టండి.

అంగన్‌వాడీ_అక్క
ఇంతసేపూ చదివాను, మా పేరు ఒక్కరూ ఎత్తలేదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు మా దగ్గరా ఉంటారు. నా కేంద్రంలో ఇరవై రెండు మంది, అందరూ ఒకే గది, రూపాయి ఫీజు లేదు, గుడ్డు కూడా పెడతాం. టీచరమ్మ గారు చెప్పిన కలిసిన వయసులు మాకు ఎప్పటినుంచో ఉన్నవే. పాటలు, కథలు, గింజలు ఏరడం, దండలు గుచ్చడం చేయిస్తాం. నిజం చెప్పాలంటే బరువులు తూచడం, రిజిస్టర్లు రాయడంలో నా పూట సగం పోతుంది. అయినా మీ పిల్లల్ని మా దగ్గరికి పంపడం నామోషీ అనుకోకండి. మా ఊరివైపు తెలుగు పిల్లలతో తెలుగే మాట్లాడతాను, ఒడియా వాళ్ళతో ఒడియా.

లెక్కల_మనిషి
అక్కా, మీ మాటకి బలం ఉంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. అంటే అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి దాకా ఆటలూ పనులతోనే నేర్పాలి, ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలి, వీలైనచోట ఇంటిభాషలో చెప్పాలి. నాలుగేళ్ళు నిండని పాప చేత 50 దాకా రాయించమని అందులో ఎక్కడా లేదు.

గుణుపురం_వంశధార
కాగితం మీద లేదు, డైరీలో ఉంది.

కొరాపుట్_కాఫీ
ఇంట్లో మొదలుపెడదామని పాప చేత గురివింద గింజలు, శనగలు వేరు చేయిస్తున్నాను. ఎరుపూ నలుపూ కదా, చూడగానే భలే లాక్కుంది.

బరంపురం_టీచరమ్మ
గురివింద వెంటనే తీసెయ్యండి! ఆ గింజ విషం. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడే లేచి ఇంట్లో ఒక్క గింజ కూడా లేకుండా ఏరి పారెయ్యండి, మంచం కిందా చూడండి.

కొరాపుట్_కాఫీ
తీసేశాను. లెక్కపెట్టి మరీ తీశాను, ముప్పై ఒకటి. చేతులు వణికాయి. మా నాయనమ్మ బంగారం తూచడానికి వాడేది, అందుకే ఇంట్లో ఉన్నాయి. చాలా థాంక్స్ టీచరమ్మా.

నాగావళి_ఒడ్డు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. రెండు బడుల్లోనూ ఒక పూట కూర్చుంటానని అడిగాను.

14 వేల బడిలో వరండాలో కుర్చీ వేశారు. నలభై ఏడు మంది పిల్లలు, ఒకే టీచరు. ఆవిడ చాలా మంచిది, ఒక బాబు చీమిడి తన కొంగుతోనే తుడిచింది. కానీ పొద్దుటినుంచి పదకొండున్నర దాకా ఆవిడ బోర్డు మీద రాయడం, పిల్లలు ఎక్కించుకోవడం, అంతే. ఆవిడ గొంతు అప్పటికే బొంగురుపోయింది.

38 వేల బడి వాళ్ళు మొదట కుదరదన్నారు, రెండోసారి అడిగితే గంటసేపు ఒప్పుకున్నారు. వస్తువులు అరల్లోనే ఉన్నాయి, దుమ్ము లేదు. పప్పు మా కోసం పోయించింది కాదు. ఒక పాప నీళ్ళు ఒలకబోసి, తనే వెళ్ళి గుడ్డ తెచ్చి తుడిచి, గుడ్డ పిండి ఆరేసింది. టీచరు లేవలేదు. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. కానీ వయసులు విడగొట్టారు, నలభై నిమిషాలకో గంట. ఒక బాబు గోపురం కడుతూ ఎనిమిదో దిమ్మె చేతిలో పట్టుకుని ఉండగా గంట కొట్టారు. అన్నీ బుట్టలో పడేసి డాన్స్‌కి తీసుకెళ్ళారు. వాడు గుమ్మం దాకా వెనక్కి చూసుకుంటూనే వెళ్ళాడు. ఎందుకని అడిగితే "డాన్స్ లేకపోతే పేరెంట్సే గొడవ చేస్తారమ్మా" అన్నారు.

మేం నలుగురు తల్లులం కలిసి మళ్ళీ వెళ్ళాం. మాకు డాన్స్ వద్దు, ఒక గదిలో మూడు వయసుల్నీ కలిపి ఉంచండి, పొద్దున గంట కొట్టకండి అని అడిగాం. ఏప్రిల్ నుంచి ఒక గదిలో చేసి చూస్తామన్నారు. చేస్తే వేస్తాం. ఆరేళ్ళ తర్వాత ఎక్కడన్నది వంశధార అన్నయ్య చెప్పినట్టు ఇప్పటినుంచే చూస్తున్నాం, తరగతికి పాతికమంది దాటని బడి ఒకటి కనిపించింది. అప్పటిదాకా పొద్దున పూట పక్కవీధి అంగన్‌వాడీకి పంపుతున్నాను. అక్కడి అక్కకి తెలుగు వచ్చు, వాడు మొదటిరోజే నీళ్ళడిగాడట.

ఇంట్లో వంటింటి కింది అర వాడికి ఇచ్చేశాను. రెండు చిన్న గ్లాసులు, ఒక చెంచా, శనగలు, తుడిచే గుడ్డ. మా అత్తగారు ఇత్తడి పళ్ళెంలో ఇసక జల్లెడపట్టి పోశారు, సాయంత్రం దీపం పెట్టాక వాడి వేలు పట్టుకుని 'అ' దిద్దిస్తున్నారు. నిన్న వాడు గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని వంటింట్లోంచి ఆవిడ మంచం దాకా అడుగులో అడుగేసుకుంటూ నడిచాడు. మా ఆయన పేపరు పక్కన పెట్టి చూశారు. గుమ్మం దగ్గర రెండు చుక్కలు పడితే గ్లాసు ఆవిడ చేతికిచ్చి, వెనక్కొచ్చి తుడిచాడు.

మల్కనగిరి_నాన్న
నీళ్ళడిగాడన్న మాట చదివి మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను.

ఛత్రపురం_కోడలు
నలుగురు వెళ్ళి అడగొచ్చని నాకు అప్పట్లో తోచనే లేదు. మా చిన్నదాని బడిలో రేపే అడుగుతాను, ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో.

రాయగడ_కొత్తమ్మ
నాగావళి అక్కా, మాదీ రాయగడే. మా పాపకి రెండు నిండాయి, శనగలు ఇస్తే ముక్కులో పెట్టుకుంటోంది. ఏం ఇవ్వాలి?

బరంపురం_టీచరమ్మ
శనగలు వద్దమ్మా, ఇంకో ఏడాది ఆగండి. నోట్లో, ముక్కులో పట్టనివి ఇవ్వండి. ఒక బుట్టలో నాలుగు పెద్ద నిమ్మకాయలు, పక్కన ఖాళీ బుట్ట. మార్చడం అయిపోయాక తనే మళ్ళీ మొదలుపెడుతుంది, మీరు కదపకండి.